పిచ్చీ కాదు.. మతిమరుపూ కాదు!

మెదడు జబ్బుల్లో కొన్నింటికి క్రిమీ కారణం కాదు, వయసూ కారణం కాదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పొరబడి, మెదడు కణాల మీద యాంటీబాడీలను వదులుతుంది. దీన్ని ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ అంటారు. వయసులో ఉన్నవారికి వస్తే మానసిక జబ్బులా, పెద్దవారికి వస్తే డిమెన్షియాలా కనిపిస్తుంది. ఆ రెంటిలో ఏదో ఒకటని సరిపెట్టుకుంటే, నయమయ్యే జబ్బు కాస్తా చేయి దాటిపోతుంది.

గడియారం బొమ్మ చెప్పిన నిజం

ఈ జబ్బుల్లో బాగా తెలిసినది యాంటీ ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జోసెప్ డాల్మావ్ బృందం 2007లో దీని గుట్టు విప్పింది. ఇది ఎక్కువగా యువతులకు, పిల్లలకు వస్తుంది. ముందు జ్వరం, తలనొప్పి. కొద్దిరోజుల్లోనే నిద్ర పట్టకపోవడం, అనుమానాలు, లేనివి కనిపించడం. ఆ తర్వాత ఫిట్స్, మాట పడిపోవడం, నోరూ చేతులూ వాటంతట అవే కదలడం. కొందరు యువతుల్లో అండాశయంలోని టెరటోమా అనే గడ్డ దీనికి మూలం. ఆ గడ్డలో నాడీ కణజాలం ఉంటుంది. దానిపై పుట్టిన యాంటీబాడీలు మెదడునూ వదలవు.

న్యూయార్క్ విలేకరి సుసానా కహాలన్‌కు 2009లో ఈ జబ్బు వచ్చినప్పుడు స్కానింగులూ రక్తపరీక్షలూ మామూలుగానే ఉన్నాయి. డాక్టర్ సూహెల్ నజ్జర్ ఆమెను గడియారం బొమ్మ గీయమన్నారు. ఆమె అంకెలన్నీ కుడి సగంలోనే వేశారు. ఎడమవైపు ఖాళీ! మెదడు కుడి భాగంలో వాపు ఉందని దాంతో అర్థమైంది. చికిత్సతో కోలుకున్న ఆమె, 2012లో తన అనుభవాన్ని పుస్తకంగా తెచ్చారు.

పెద్దల్లో మరో రూపం

యాభై, అరవై దాటినవారిలో, ముఖ్యంగా మగవారిలో కనిపించేది ఎల్‌జీఐ1 రకం. నిన్న మాట్లాడింది గుర్తుండదు, దారి తప్పుతారు, చిరాకు పెరుగుతుంది. అల్జీమర్స్ అనుకోవడం సహజమే. కానీ అల్జీమర్స్ ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది, ఇది వారాల్లో, నెలల్లో ముంచుకొస్తుంది. రక్తంలో సోడియం తగ్గడం ఒక ఆనవాలు. ముఖం, అదేవైపు చేయి క్షణకాలం బిగుసుకుని వదిలేయడం మరొకటి. రోజుకు పదులసార్లు వచ్చే ఈ కుదుపులు కనిపించగానే చికిత్స మొదలుపెడితే, జ్ఞాపకశక్తి దెబ్బతినకుండా చాలావరకు కాపాడవచ్చు.

ఎలా పట్టుకుంటారు?

ముందుగా హెర్పిస్ వైరస్, క్షయ, జపనీస్ మెదడువాపు వంటి ఇన్ఫెక్షన్లు లేవని తేల్చుకోవాలి. ఎమ్మారై, ఈఈజీ, వెన్నునీటి పరీక్ష చేస్తారు. ఎమ్మారై మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు. యాంటీబాడీల కోసం రక్తాన్నీ వెన్నునీటినీ రెంటినీ పరీక్షించాలి. ఎన్‌ఎండీఏ రకం వెన్నునీటిలో, ఎల్‌జీఐ1 రకం రక్తంలో మరింత కచ్చితంగా దొరుకుతాయి. ఫలితం రావడానికి రోజులు పడుతుంది కాబట్టి, లక్షణాలు బలంగా ఉంటే చికిత్స అంతవరకూ ఆపకూడదని 2016 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల సారాంశం. లక్షణాలు లేకుండా రిపోర్టులో యాంటీబాడీ కాస్త కనిపించినంత మాత్రాన మందులు మొదలుపెట్టడమూ తప్పే.

చికిత్స ఏమిటి?

మొదట సెలైన్‌తోపాటు మూడు నుంచి అయిదు రోజులు అధిక మోతాదు స్టెరాయిడ్లు ఎక్కిస్తారు. ఇమ్యునోగ్లోబులిన్ లేదా ప్లాస్మా మార్పిడి కూడా తోడవుతుంది. గుణం కనిపించకపోతే రిటుక్సిమాబ్, సైక్లోఫాస్ఫమైడ్ ఇస్తారు. గడ్డ ఉంటే తీసేయాల్సిందే. ఎన్‌ఎండీఏ యాంటీబాడీలు కణాలను చంపవు, వాటి పైనున్న రిసెప్టర్లను తగ్గించేస్తాయి. కోలుకునే అవకాశం ఎక్కువగా ఉండేది అందుకే. ఎన్‌ఎండీఏ రకం జబ్బున్న 577 మందిపై 2013లో వెలువడిన అధ్యయనంలో, రెండేళ్లపాటు గమనించినవారిలో 81 శాతం మంది తమ పనులు తాము చేసుకోగలిగారు. అయితే కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి జబ్బు తిరగబెడుతుంది.

మన దేశంలో అరవై దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా. వారిలో ఎక్కువమందిది ఈ ఆటోఇమ్యూన్ జబ్బు కాదు. అయినా విటమిన్ బి12 లోపం, థైరాయిడ్, తలలో రక్తం గడ్డకట్టడం వంటి నయమయ్యే కారణాలతోపాటు దీన్నీ ఒకసారి చూడాలి. మనిషి తీరు వారాల్లోనే మారిపోతే వయసు మీదో, గాలి సోకిందనో నెట్టేయకుండా వెంటనే న్యూరాలజిస్టుకు చూపించాలి.