మేకపిల్లకూ ఒక పుస్తకం

నెల్లూరు జిల్లా బిట్రగుంటలో ఒక సాయంత్రం. అరుగు మీద అవ్వ, ఆమె ఒళ్లో నాలుగేళ్ల మనవరాలు. ఇద్దరి మధ్య తెరిచిన కుక్కపిల్ల బొమ్మల పుస్తకం. పిల్లకు అక్షరాలు రావు. అయినా పేజీ తిప్పకముందే "మంచం కింద మొసలుంది, చూడవ్వా!" అని కేరింతలు కొడుతోంది. పక్కన కట్టేసిన మేకపిల్ల మూతి చాచి పుస్తకం అంచు కొరకబోయింది. "ఇది నీ పుస్తకం కాదే!" అని పిల్ల దాన్ని గదమాయించింది.

ఆ పుస్తకం బ్రిటిష్ చిత్రకారుడు ఎరిక్ హిల్ 1980లో తెచ్చిన స్పాట్ అనే కుక్కపిల్ల కథ. తల్లికుక్క తన పిల్ల కోసం ఇల్లంతా వెతుకుతుంది. తలుపు, గడియారం, మంచం బొమ్మల మీద కాగితపు రెక్కలుంటాయి. వాటిని ఎత్తి చూడాల్సింది చదివే బిడ్డే. మొసలి ఉందని తెలిసినా పిల్లలు పదేపదే ఎత్తుతారు. తాము అనుకున్నదే కనిపించడం వాళ్లకు గొప్ప సంబరం.

పెంపుడు జంతువుల పుస్తకాలంటే పిల్లకాయలకు ఇంత ఇష్టం ఎందుకు? ఇంట్లో అందరికంటే చిన్నది ఆ బిడ్డే. తిను, పడుకో, అటు పోవద్దు అని అందరూ చెప్పేవాళ్లే. కుక్కపిల్ల ముందు మాత్రం తాను పెద్దది. అన్నం పెట్టాలి, వెతకాలి, మందలించాలి.

ఇంకొకటి, జంతువుకు మాటల్లేవు. తోక ఊపిందా, చెవులు నిక్కపొడిచిందా అని చూసి దాని మనసు తెలుసుకోవాలి. బొమ్మను చదవడమూ అంతే. ప్యాట్ హచిన్స్ 1968లో వేసిన 'రోజీస్ వాక్' అనే బొమ్మల పుస్తకంలో రోజీ అనే కోడిపెట్ట షికారుకు వెళుతుంది. దాని వెనకే నక్క పొంచి వస్తుంది. రాసిన మాటల్లో నక్క ఊసే ఉండదు, బొమ్మలో మాత్రమే కనిపిస్తుంది. చదివి వినిపించే పెద్దవాళ్లు చెప్పని సంగతి పిల్లలే కనిపెడతారు. జంతువుల సాయంతో చదువు మొదలుపెట్టడం పాత పద్ధతే. 1658లో కొమేనియస్ అనే విద్యావేత్త వేయించిన బొమ్మల పుస్తకంలో అక్షరమాల కాకి అరుపుతో మొదలవుతుంది.

మరి మన ఇంటి జంతువుల మాటేమిటి? నెల్లూరు గొర్రెల్లో జోడిపి రకం ఉంది. తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ, మూతి దగ్గర నల్లటి మచ్చలు. కాటుక పెట్టుకున్నట్టుండే ఆ ముఖం చిత్రకారుడికి వరం. మన పిల్లలకు స్పాట్ తెలియాలి, జోడిపి గొర్రెపిల్ల కథా ఉండాలి. తాను రోజూ చూసే జీవం పుస్తకంలో కనిపిస్తే, పుస్తకం తనదే అనిపిస్తుంది.

హైదరాబాద్‌లోని మంచి పుస్తకం, చెన్నైలోని తూలిక తెలుగులో బొమ్మల పుస్తకాలు తెస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలను ఫోన్‌లోనే ఉచితంగా చదవొచ్చు. అవీ దొరక్కపోతే నాలుగు తెల్లకాగితాలు మడిచి కుట్టండి. ఇంట్లో ఉన్న పిల్లినో కోడినో బిడ్డ చేతే గీయించండి. ఏం జరిగిందో బిడ్డ చెబుతుంటే మీరు కింద రాయండి. రాత్రి పడుకోబోయే ముందు దాన్నే చదివి వినిపించండి.

ఆ మేకపిల్లకూ ఒక పుస్తకం బాకీ ఉన్నాం. అది మన ఇంట్లోనే మొదలుకావాలి.