నీలగిరి తైలం – తల్లులకు ఒక మాట

జలుబు చేస్తే మా అనకాపల్లి ఇళ్లలో ముందుగా వెదికేది నీలగిరి తైలం సీసానే. పట్నాలలో ఖరీదు పెట్టి చేయించుకొనే సువాసన తైలాల వైద్యము చాలావరకు ఇటువంటిదే. ఆకులకు ఆవిరి పట్టించి తీసిన సారము గనుక మహా ఘాటు. నూనె కలపకుండా రాస్తే ఒళ్లు మండి బొబ్బలెక్కవచ్చు. పెద్దవారికైతే 10 మి.లీ. నువ్వుల నూనెలో గాని కొబ్బరినూనెలో గాని నాలుగు చుక్కలు చాలు.

తల్లులారా! పసిబిడ్డల ముక్కు దగ్గర ఈ తైలము గాని కర్పూరము గాని రాయకండి, ఊపిరాడక అవస్థపడతారు. పొరపాటున ఒక్క చెంచాడు మింగినా మూర్ఛ రావచ్చు. వాంతి చేయించకండి, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మా ఇంట్లో ఇన్నాళ్లూ అది దగ్గుమందు పక్కనే ఉండేది. ఇప్పుడు బీరువా పైకెక్కించాము.