మడ అడవి నిలిస్తేనే ఉపాధి: కోరంగి తీరంలో పర్యావరణ పర్యాటకం

పర్యాటకం ఒక ప్రాంతానికి ఆదాయాన్ని సమకూర్చడంతో పాటు అక్కడి ప్రకృతిపై భారాన్ని కూడా మోపుతుంది. ఈ రెండింటి మధ్య సమతౌల్యం సాధించే ప్రయత్నమే పర్యావరణ పర్యాటకం. ప్రకృతి సహజ స్వరూపానికి భంగం కలగకుండా సందర్శన సాగడం, ఆ ఆదాయం స్థానికులకు చేరడం, అందులో కొంత భాగం తిరిగి ప్రకృతి పరిరక్షణకే వినియోగం కావడం దీని మూలసూత్రాలు. ఐక్యరాజ్యసమితి 2002ను అంతర్జాతీయ పర్యావరణ పర్యాటక సంవత్సరంగా ప్రకటించడంతో ఈ భావనకు ప్రపంచవ్యాప్త గుర్తింపు లభించింది. ఈ సూత్రాల ఆచరణను, అందులోని అవకాశాలను, పరిమితులను అర్థం చేసుకోవడానికి కాకినాడ సమీపంలోని కోరంగి అభయారణ్యం చక్కని ఉదాహరణ.

గోదావరి కడలిలో కలిసే చోట

గౌతమీ గోదావరి బంగాళాఖాతంలో కలిసే ప్రాంతంలో విస్తరించిన కోరంగి మడ అడవులను 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. భారత అటవీ స్థితి నివేదిక-2021 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోని మొత్తం మడ అడవులు 405 చదరపు కిలోమీటర్లు కాగా, వాటిలో గోదావరి ముఖద్వారపు అడవులది ప్రధాన స్థానం. నల్లమడ, తెల్లమడ, తిల్ల వంటి వృక్షజాతులకు, బావురుపిల్లి, నీటికుక్క వంటి జంతువులకు, అనేక రకాల పక్షులకు ఇది ఆవాసం. సమీపంలోని హోప్ ఐలాండ్ ఇసుక తిన్నెలపై ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి.

కోరంగి ఒకనాడు పేరుపొందిన ఓడరేవు. ఇక్కడి నుండి ఓడలెక్కి బర్మాకు వెళ్లిన తెలుగువారిని అక్కడ కోరంగీలని పిలిచేవారు. 1839 నాటి పెనుతుపాను ఈ రేవును తీవ్రంగా దెబ్బతీసింది. తుపానుల తాకిడి ఎరిగిన ఈ తీరానికి మడ అడవి సహజమైన రక్షణ కవచం. దట్టమైన చెట్లు, వేళ్ల అల్లికలు అలల ఉధృతిని తగ్గించి, తీరపు మట్టి కోతకు గురికాకుండా కాపాడతాయి.

అడవికీ వలకూ ఉన్న బంధం

మడ చెట్ల నుండి రాలిన ఆకులు నీటిలో కుళ్లి సూక్ష్మజీవులకు, వాటి ద్వారా రొయ్య పిల్లలకు, పీతలకు ఆహారమవుతాయి. పండుగప్ప వంటి చేపలు, టైగర్ రొయ్యలు తమ జీవితంలో కొంత కాలం ఇటువంటి నీటిలోనే పెరుగుతాయి. అందువల్ల అడవి క్షీణిస్తే వేటకు వెళ్లే మత్స్యకారుని వలలోనూ చేప తగ్గుతుంది. అయినప్పటికీ వంటచెరకు కోసం, ఇళ్ల కలప కోసం చెట్లు నరకడం, పశువులను మేపడం, చెరువుల తవ్వకం వంటి కారణాల వల్ల గోదావరి తీరంలో పలుచోట్ల ఈ అడవి దెబ్బతిన్నది.

చెట్లు పోయిన చోట నేల కుంగి, పోటు నీరు బయటకు పోలేక నిలిచిపోతుంది. ఎండకు ఆ నీరు ఆవిరై ఉప్పు పేరుకుపోవడంతో కొత్త మొక్క బతకదు. 1990వ దశకం ద్వితీయార్ధం నుండి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ గ్రామస్థుల భాగస్వామ్యంతో ఈ సమస్యకు పరిష్కారాన్ని అమలు చేశాయి. చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటుపాటుల నీరు నిత్యం వచ్చిపోయే ఏర్పాటు చేసి, కాలువ గట్ల వాలుపై మొక్కలు నాటారు. ఉప్పు సాంద్రత తగ్గిన నేలలో అడవి తిరిగి చిగురించింది.

సందర్శనతో సమకూరే ఉపాధి

నాటిన అడవి నిలవాలంటే, దానిని కాపాడే కుటుంబాలకు నిలిచిన చెట్టు వల్ల ప్రత్యక్ష ప్రయోజనం ఉండాలి. పర్యాటకం ఇక్కడే తోడ్పడుతుంది. కోరంగిలో మడ చెట్ల మధ్య గుంజలపై నిర్మించిన చెక్క నడకదారి సందర్శకులను ఆకర్షిస్తున్నది. నేల నుండి పైకి పొడుచుకు వచ్చే మడ చెట్ల శ్వాసమూలాలను తొక్కకుండానే అడవిని చూడగలగడం దీని ప్రత్యేకత. పడవ నడపడం, దారి చూపడం, భోజనం అందించడం, పరిశుభ్రత నిర్వహణ వంటి పనులు స్థానిక యువతకు, మహిళలకు అప్పగిస్తే, సందర్శకుడు వెచ్చించే సొమ్ము ఆ గ్రామాలలోనే తిరుగుతుంది. ఏటి మలుపులు, పోటు వేళలు, పక్షుల రాకపోకలు ఎరిగిన మత్స్యకారుని కంటే మెరుగైన మార్గదర్శకుడు ఉండబోడు.

పాటించవలసిన హద్దులు

సందర్శకుల సంఖ్య పెరగడమొక్కటే విజయానికి కొలమానం కాదు. వేగంగా సాగే మోటారు పడవల అలలు బురద గట్లను కోసివేస్తాయి. శ్వాసమూలాలకు చిక్కుకున్న ప్లాస్టిక్ సంచులు పోటు నీటితో అడవి లోతులకు చేరుతాయి. పెద్ద శబ్దాలకు పక్షులు గూళ్లు విడిచిపోతాయి. కనుక ఏ రోజు ఎందరిని, ఏ మార్గంలో అనుమతించాలన్నది అడవి భరించగల శక్తిని బట్టి నిర్ణయించాలి.

అలాగే పర్యాటకాన్ని వేటకు ప్రత్యామ్నాయంగా కాక, అదనపు ఆదాయంగా భావించడం శ్రేయస్కరం. వర్షాకాలంలో, తుపాను వేళల్లో సందర్శకులు రారు. 2020లో కరోనా మహమ్మారి వల్ల దేశమంతటా పర్యాటకం స్తంభించిపోయిన అనుభవం కూడా ఉన్నది. ఆ కష్టకాలంలో కుటుంబాన్ని ఆదుకునేవి తిరిగి ఏరు, వల, వాటికి ఆధారమైన అడవి మాత్రమే.

ప్రాంతీయ ప్రగతి అంటే కొత్త భవనాలు, విశాలమైన రహదారులు మాత్రమే కాదు. తరతరాలుగా ఆ నేలను నమ్ముకున్నవారు అక్కడే గౌరవంగా జీవించగలగడం దాని అసలు లక్ష్యం. కోరంగిని సందర్శించేవారు ప్లాస్టిక్ వస్తువులు తీసుకువెళ్లకుండా, నడకదారి దాటి దిగకుండా, నిశ్శబ్దాన్ని పాటిస్తూ, స్థానికుల సేవలను వినియోగించుకుంటే ఈ లక్ష్య సాధనలో తామూ భాగస్వాములవుతారు.