పనుల భారం పెరిగినప్పుడు చేర్చడం కాదు, తీసివేయడమే మేలు

అనేక పనులు ఒక్కసారిగా మీద పడి, ఏది ముందు చేయాలో తోచని స్థితిలో చాలామంది మొదట చేసే పని కొత్త ఏర్పాటు ఒకదానిని ప్రారంభించడం. కొత్త డైరీ కొంటారు. ఫోన్‌లో మరో యాప్ పెట్టుకుంటారు. రేపటి నుంచి తెల్లవారుజామునే లేవాలని నిర్ణయించుకుంటారు. వారం పది రోజుల్లో ఆ ఏర్పాటు మూలపడుతుంది. చేయాల్సిన పనులు అలాగే ఉంటాయి. మొదలుపెట్టినది నిలబెట్టుకోలేకపోయామన్న చింత వాటికి తోడవుతుంది. గోరుచుట్టుపై రోకటిపోటు లాంటి ఈ పరిస్థితికి బద్ధకమే కారణమని తమను తాము నిందించుకునేవారు ఎక్కువ. అయితే లోపం మనిషిలో కంటే, ఎంచుకున్న పరిష్కారంలో ఉండే అవకాశాన్ని పరిశోధనలు సూచిస్తున్నాయి.

తీసివేయాలన్న ఆలోచన ఎందుకు రాదు?

అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ‘నేచర్’ పత్రికలో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. లెగో ఇటుకలతో కట్టిన చిన్న నమూనాలో, ఒక మూలన ఒకే ఇటుకపై ఆనివున్న కప్పును బలపరచాలని కొందరిని కోరారు. కొత్తగా చేర్చే ప్రతి ఇటుకకూ కొంత ఖర్చు. ఆ ఒక్క ఇటుకను తీసివేస్తే కప్పు కింది భాగంపై స్థిరంగా కూర్చుంటుంది. అయినా చాలామంది ఇటుకలు చేర్చడానికే మొగ్గు చూపారు. తీసివేయడానికి ఖర్చేమీ లేదని ముందుగా గుర్తుచేసినప్పుడు, ఆ మార్గాన్ని ఎంచుకున్నవారి సంఖ్య పెరిగింది.

అదే అధ్యయనంలోని మరో అంశం ఇక్కడ మరింత ముఖ్యమైనది. మనసు మరో పనిలో కూడా నిమగ్నమై ఉన్నప్పుడు, తీసివేతతో పరిష్కారమయ్యే మార్గాన్ని గుర్తించగలిగినవారు ఇంకా తగ్గారు. అంటే భారం తగ్గించుకోవడం అత్యవసరమైన సమయంలోనే ఆ ఆలోచన మనిషికి తట్టడం కష్టమవుతుంది. అందువల్ల ‘ఏమి చేర్చాలి’ అన్న ప్రశ్నకు ముందు ‘ఏమి తీసివేయవచ్చు’ అని ప్రయత్నపూర్వకంగా ప్రశ్నించుకోవాల్సి ఉంటుంది.

మనసుకు ఉన్న హద్దు

మనిషి ఒకేసారి జ్ఞాపకంలో ఉంచుకోగల అంశాలు ఏడు, ఒకటి రెండు అటూ ఇటూగా ఉంటాయని మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో వివరించారు. ఆ సంఖ్య నాలుగుకు దగ్గరగా ఉంటుందని 2001లో నెల్సన్ కోవన్ ప్రతిపాదించారు. కరెంటు బిల్లు గడువు, పిల్లల ఫీజు, తల్లిదండ్రుల మందులు, కార్యాలయంలో ఇవ్వాల్సిన నివేదిక, వంటగ్యాస్ బుకింగ్ అన్నీ తలలోనే మోయాలని చూస్తే, వాటిలో ఏదో ఒకటి జారిపోవడం సహజం.

అలాగని ప్రతి పనినీ వెంటనే పూర్తిచేయాల్సిన అవసరం లేదు. పూర్తికాని పనులు ఇతర వ్యాపకాల మధ్యలో పదేపదే గుర్తుకు వచ్చి ఏకాగ్రతను దెబ్బతీస్తాయని, ఆ పనిని ఎప్పుడు, ఎలా చేయాలో స్పష్టంగా నిర్ణయించుకుంటే ఆ ఆటంకం తొలగుతుందని మాసికాంపో, బామైస్టర్ 2011లో ప్రచురించిన ప్రయోగాలు చూపాయి. ‘బ్యాంకు పని చూడాలి’ అనుకోవడం కంటే ‘శనివారం ఉదయం పది గంటలకు పాస్‌బుక్కుతో బ్యాంకుకు వెళ్లాలి’ అని రాసిపెట్టుకోవడం మనసును తేలికపరుస్తుంది.

ఎక్కడ తగ్గించుకోవచ్చు?

మొదటిది, రాసుకునే చోటు. గోడమీది క్యాలెండర్‌లో కొన్ని, వాట్సాప్‌లో తమకు తామే పంపుకున్న సందేశాల్లో కొన్ని, చీటీలపై మరికొన్ని ఉంటే, వాటిని వెతకడమే ఒక పనిగా మారుతుంది. నోటుపుస్తకమైనా, ఫోనైనా ఒకే చోటును ఎంచుకుని మిగిలినవాటిని ఆపేయడం మేలు. ఆ చోటు ఎంత సాదాగా ఉంటే అంత ఎక్కువ కాలం నిలుస్తుంది.

రెండవది, పిలవకుండా వచ్చే సమాచారం. ప్రచార కాల్స్, సందేశాలను నిలిపివేయడానికి 1909 నంబరుకు ఫోన్ చేసి నమోదు చేసుకోవచ్చు. బ్యాంకు లావాదేవీల సందేశాలు యథావిధిగా వస్తాయి. మనుషుల నుంచి వచ్చే కాల్స్, సందేశాలు మినహా మిగిలిన యాప్‌ల నోటిఫికేషన్లను ఆపివేసినా నష్టపోయేది స్వల్పమే.

మూడవది, నెలనెలా తప్పని చెల్లింపులు. కార్డు, యూపీఐల ద్వారా ఆటోపే పెట్టుకుంటే గడువులను గుర్తుంచుకునే పని తప్పుతుంది. ఇలాంటి చెల్లింపులకు సాధారణంగా 24 గంటల ముందే ఖాతాదారుకు సమాచారం ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. అయితే ఖాతాలో తగిన సొమ్ము ఉండేలా చూసుకోవాలి. వాడని చందాలను అదే జాబితా చూసి రద్దు చేసుకోవచ్చు.

నాలుగవది, కాగితాలు. 2015లో కేంద్రం ప్రారంభించిన డిజిలాకర్‌లో ప్రభుత్వ సంస్థలు నేరుగా జారీచేసిన పత్రాలకు అసలు పత్రాలతో సమానమైన చెల్లుబాటు ఉంది. అవసరం వచ్చిన ప్రతిసారీ బీరువా అంతా వెతకాల్సిన శ్రమను ఇది కొంత తగ్గిస్తుంది.

అలవాట్లకూ కనీస రూపం

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలపాటు పరిశీలించి 2010లో ఫలితాలను ప్రచురించారు. ఒక పని యాంత్రికమైన అలవాటుగా స్థిరపడటానికి పట్టే కాలం 18 నుంచి 254 రోజుల వరకు ఉండవచ్చని, మధ్యస్థంగా 66 రోజులని వారు అంచనా వేశారు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడే క్రమానికి చెప్పుకోదగ్గ నష్టం లేదని కూడా తేలింది.

దీని నుంచి గ్రహించాల్సినవి రెండు. ఒకేసారి నాలుగైదు అలవాట్లు మొదలుపెట్టడం కంటే ఒకదానికి నెలల వ్యవధి ఇవ్వడం ఉచితం. ప్రతి అలవాటుకూ కష్టకాలంలో పాటించగల కనీస రూపాన్ని ముందే నిర్ణయించుకోవడం మరొకటి. నలభై నిమిషాల నడక వీలుకాని రోజున పది నిమిషాలు నడిచినా చాలు. వేళకు వేసుకోవాల్సిన మందులు, నిద్ర, భోజనం మాత్రం తగ్గించుకునే జాబితాలో చేరకూడదు.

జాబితాతో తీరని భారం

పద్ధతి ఎంత సరళమైనా, పనే ఒకరిపై ఎక్కువగా ఉంటే ఫలితం పరిమితమే. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, వేతనం లేని ఇంటి పనుల్లో పాల్గొన్న మహిళలు వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. ఇలాంటి ఇంట్లో గృహిణికి మరో యాప్ ఇవ్వడం పరిష్కారం కాదు. పనిని పంచుకోవడమే పరిష్కారం. అప్పుడు కూడా ‘ఏమి సాయం చేయాలి’ అని అడగడం కంటే, ఫీజులో, మందులో ఏదో ఒక బాధ్యతను గుర్తుంచుకోవడంతో సహా పూర్తిగా స్వీకరించడం వల్ల ఆమె మనసుపై భారం తగ్గుతుంది.

పనులు తగ్గినా రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి, దేనిపైనా ఆసక్తి లేకపోవడం వంటివి కొనసాగితే అది కేవలం పనుల ఒత్తిడి కాకపోవచ్చు. అలాంటప్పుడు వైద్యులను సంప్రదించాలి. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ సేవను 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులోనూ పొందవచ్చు.