రూపాయల్లో అప్పు, డాలర్లలో జీతం

అమెరికా వాయవ్య కొసన వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటెల్ నగరానికి తూర్పున, సమామిష్ సరస్సు ఉత్తరపు ఒడ్డున ఉన్న రెడ్‌మండ్, 1986లో మైక్రోసాఫ్ట్ తన ప్రధాన కార్యాలయాన్ని అక్కడికి తరలించిన తరువాత ప్రపంచానికి తెలిసిన ఊరైంది. హైదరాబాద్‌లో పుట్టి, అమెరికాలోని మిల్వాకీలో ఎం.ఎస్. చదివిన సత్య నాదెళ్ల 2014లో ఆ సంస్థకు సీఈఓ అయిన నాటి నుంచి తెలుగు ఇళ్లకు ఆ పేరు మరింత దగ్గరైంది. అప్పు చేసి అమెరికా వెళ్లి, ఎం.ఎస్. ముగించుకుని అటువంటి ఊళ్లో ఉద్యోగంలో చేరడం నేడు వేలాది తెలుగు కుటుంబాల ఆశ. 2023–24 విద్యా సంవత్సరంలో అమెరికాలోని భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602కు చేరి చైనా విద్యార్థుల సంఖ్యను దాటింది. వారిలో తెలుగు రాష్ట్రాల వాటా చాలా పెద్దది. అయితే రాబోయే జీతం గురించి జరిగినంత చర్చ, చేయబోయే అప్పు గురించి ఇళ్లలో జరగడం లేదు. విద్యారుణం పేరుకు విద్యార్థిదే అయినా దానికి పూచీ పడేది కుటుంబం కాబట్టి, ఆ అప్పు ఎలా పుడుతుంది, ఎలా పెరుగుతుంది, ఎలా తీరుతుంది అన్నవి విమానం ఎక్కకముందే తెలుసుకోవలసిన విషయాలు.

అప్పు పుట్టే చోటు

అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు అక్కడి కేంద్ర ప్రభుత్వం విద్యారుణాలు ఇస్తుంది. ఎఫ్‌-1 వీసాపై వెళ్లే విదేశీ విద్యార్థికి ఆ అర్హత లేదు. అందువల్ల తెలుగు విద్యార్థి అప్పు చాలావరకు స్వదేశంలోనే పుడుతుంది. భారత బ్యాంకుల సంఘం 2001లో రూపొందించిన నమూనా పథకం ఆధారంగా బ్యాంకులు విద్యారుణాలు ఇస్తున్నాయి. విదేశీ చదువుకు కావలసిన పెద్ద మొత్తాలకు సాధారణంగా ఇల్లో స్థలమో తాకట్టు పెట్టమంటాయి. ఎన్‌బీఎఫ్‌సీలు, అంటే బ్యాంకు లైసెన్సు లేకుండా రుణాలిచ్చే ఆర్థిక సంస్థలు, తాకట్టు లేకుండా కూడా ఇస్తాయి గానీ వడ్డీ ఎక్కువ వేస్తాయి. తల్లి గానీ తండ్రి గానీ సహ రుణగ్రహీతగా సంతకం చేయవలసి ఉంటుంది. వాయిదాలు తప్పితే పిల్లలతోపాటు ఆ సంతకం చేసినవారి సిబిల్ స్కోరు, అంటే రుణ చరిత్రను 300 నుంచి 900 వరకు కొలిచే అంకె కూడా పడిపోతుంది. తాకట్టు పెట్టిన ఇంటిని 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే వేలం వేయగలదు.

ఆ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే విద్యారుణానికి పొలాన్ని తాకట్టుగా తీసుకోవడానికి బ్యాంకులు వెనకాడతాయి. ఫలితంగా పొలం తప్ప వేరే ఆస్తి లేని రైతు కుటుంబం ఎకరమో రెండెకరాలో అమ్ముకోవడమో, ఊళ్లో ప్రామిసరీ నోటు రాసి అప్పు తేవడమో చేస్తుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అని ఊళ్లో చెప్పేది నెల వడ్డీ. ఏడాదికి అది 24 శాతం. బ్యాంకు రుణంతో పోలిస్తే ఇది రెట్టింపుకు పైమాటే. ఈ దారి పట్టకముందు తెలంగాణలోని అర్హులైన కుటుంబాలు ప్రభుత్వ సహాయం కోసం దరఖాస్తు చేసుకోవడం అవసరం: ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీ విద్యార్థులకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి 20 లక్షల రూపాయల వరకు తిరిగి చెల్లించనక్కరలేని సహాయం అందిస్తాయి.

వాయిదా లేదు, వడ్డీ ఉంది

చదువు సాగినంత కాలం, ఆ తరువాత సాధారణంగా మరో ఏడాది వరకు అసలు కట్టనక్కరలేదు. దీన్నే మారటోరియం అంటారు. ఈ గడువులో వడ్డీ కూడా పడదని చాలామంది అనుకుంటారు; నిజానికి విశ్వవిద్యాలయానికి మొదటి ఫీజు చేరిన రోజునే వడ్డీ మొదలవుతుంది. 40 లక్షల రుణాన్ని 11 శాతం వడ్డీకి, నాలుగు సెమిస్టర్లకు పది లక్షల చొప్పున విడతలుగా తీసుకున్నారనుకుంటే, రెండేళ్ల చదువు, ఒక ఏడాది విరామం ముగిసేసరికి బారువడ్డీ లెక్కనే 9 లక్షల 90 వేలు పేరుకుంటుంది. అది అసలులో కలిసి, తీర్చవలసిన మొత్తం 49 లక్షల 90 వేలు అవుతుంది. దాన్ని పదేళ్లలో తీర్చితే నెలకు సుమారు 68,700 రూపాయల వాయిదాతో మొత్తం 82 లక్షలకు పైగా కట్టవలసి వస్తుంది. మూడేళ్లలోనే తీర్చితే నెలకు సుమారు 1,63,000 చొప్పున 59 లక్షల లోపే సరిపోతుంది. తేడా 23 లక్షలకు పైనే. మారే వడ్డీ రేటుతో, అంటే ఫ్లోటింగ్ రేటుతో వ్యక్తులు తీసుకున్న ఇటువంటి రుణాలను గడువుకు ముందే తీర్చితే జరిమానా వేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది కాబట్టి, చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా అసలులో జమ చేయడానికి అడ్డంకి లేదు.

రెడ్‌మండ్ జీతంలో ఏది ముందు

వాషింగ్టన్‌లో సాధారణ జీతాలపై రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. పైగా ఎఫ్‌-1 వీసాపై ఓపీటీలో, అంటే చదువు తరువాత పని చేయడానికి ఇచ్చే అనుమతి కాలంలో ఉన్నవారికి, మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల వరకు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు సాధారణంగా వర్తించవు. ఈ రెండూ కలిపి జీతంలో 7.65 శాతం, ఏటా లక్ష డాలర్ల జీతంపై 7,650 డాలర్లు. పొరపాటున కోత పడుతోందేమో పే స్టబ్‌లో, అంటే జీతపు చీటీలో చూసుకుని, మిగిలిన సొమ్మును నేరుగా అప్పుకు మళ్లించడం మంచిది. 2025 మే నుంచి తేలికపాటి రైలు రెడ్‌మండ్ నడిబొడ్డు వరకు వస్తోంది. ఆఫీసుకు, బెల్‌వ్యూకు దానిలో వెళ్లగలిగిన వారు కారు కొనడాన్ని, దానితో వచ్చే మరో అప్పును కొంతకాలం వాయిదా వేసుకోవచ్చు.

జీతం ఎంత పెద్దదైనా ఉద్యోగానికి హామీ లేదు. మైక్రోసాఫ్ట్ 2023 జనవరిలో 10,000 మందిని, 2025 మే నెలలో సుమారు 6,000 మందిని, జూలైలో మరో 9,000 మందిని తొలగించినట్లు ప్రకటించింది. ఏడాది ఓపీటీకి స్టెమ్ కోర్సులవారికి, అంటే సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం చదివినవారికి, మరో రెండేళ్ల పొడిగింపు ఉన్నా, మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. హెచ్‌-1బీ ఉద్యోగ వీసాపై ఉన్నవారు ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో మరొకటి వెతుక్కోవాలి. కాబట్టి అత్యవసర నిధి, అంటే ఆరు నెలల అద్దె, తిండి, ఈఎంఐలకు (నెల వాయిదాలకు) సరిపడే సొమ్ము, తొలి జీతం నుంచే కూడబెట్టవలసినది.

దానితోపాటే ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి రాసిన ప్రామిసరీ నోటు తీర్చాలి. ఆ తరువాతి మెట్టు 401(కె), అంటే ఉద్యోగి జీతం నుంచి కొంత, యజమాని తరఫున కొంత జమయ్యే పదవీ విరమణ ఖాతా. యజమాని వాటా పూర్తిగా అందేంతవరకు అందులో వేయడం లాభం, ఎందుకంటే అది జీతానికి అదనంగా వచ్చే సొమ్ము. మిగిలినదంతా 11 శాతం రుణం మీదికి వెళ్లాలి. షేర్లు, స్థలాలు, ఖరీదైన కారు వంటివన్నీ ఆ తరువాతే. క్రెడిట్ కార్డు బిల్లు మాత్రం ప్రతి నెలా పూర్తిగా కట్టాలి; అమెరికాలో కార్డు బాకీలపై వడ్డీ 20 శాతం దాటడం మామూలు, పైగా అక్కడ రుణ చరిత్రను కొలిచే ఫైకో స్కోరులో సకాలంలో చెల్లించిన చరిత్రకే 35 శాతం ప్రాధాన్యం ఉంది.

రెండు కరెన్సీల మధ్య

రూపాయల్లో అప్పు, డాలర్లలో జీతం ఉన్నవారికి రూపాయి బలహీనపడినప్పుడల్లా వాయిదా కొంత తేలికవుతుంది. 2025 డిసెంబరులో డాలరు విలువ 90 రూపాయలు దాటింది. ఆ లెక్కన పైన చెప్పిన మూడేళ్ల వాయిదా సుమారు 1,800 డాలర్లు. డాలర్లలో అప్పు చేసి, ఉద్యోగం దొరకక స్వదేశానికి తిరిగి వచ్చినవారి పరిస్థితి దీనికి పూర్తిగా విరుద్ధం. రూపాయి పడిపోయే కొద్దీ వారి అప్పు పెరుగుతుంది. ఇంటికి డబ్బు పంపే పద్ధతి కూడా ముఖ్యమే: 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నగదు రూపంలోనో మనీ ఆర్డరు ద్వారానో విదేశాలకు పంపే సొమ్ముపై ఒక శాతం పన్ను ఉంది, బ్యాంకు ఖాతా నుంచి పంపితే లేదు. ఇక పిల్లల చదువు కోసం తండ్రి తన పేరున రుణం తీసుకుని, భారతదేశంలో పాత పన్ను విధానంలో రిటర్ను వేస్తుంటే, ఆయన కట్టే వడ్డీకి ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు దొరుకుతుంది. ఈఎంఐ ఎవరి ఖాతా నుంచి వెళ్లాలన్నది కుటుంబమంతా కూర్చుని తేల్చుకోవాలి.

అక్కడే పుట్టిన పిల్లల సంగతి

రెడ్‌మండ్‌లో స్థిరపడిన తెలుగువారి పిల్లలు కాలేజీ వయసుకు వస్తున్నారు. వారికి రన్నింగ్ స్టార్ట్ పథకం పెద్ద ఆసరా; దాని కింద 11, 12 తరగతుల విద్యార్థులు ట్యూషన్ ఫీజు లేకుండా కమ్యూనిటీ కాలేజీలో పాఠాలు చదివి, ఆ క్రెడిట్లను డిగ్రీలో కలుపుకోవచ్చు. 2025 జూలైలో వచ్చిన కొత్త చట్టం తల్లిదండ్రులు తీసుకునే కేంద్ర రుణాలకు ఒక్కో విద్యార్థిపై ఏడాదికి 20,000, మొత్తంగా 65,000 డాలర్ల పరిమితి విధించింది. ఇది 2026 జూలై నుంచి అమలు. కాబట్టి పొదుపు ముందుగా మొదలుపెట్టడం ఆ ఇళ్లలోనూ తప్పదు.

విదేశీ చదువు కోసం అప్పు చేయడం తప్పు కాదు. లెక్క తెలియకుండా చేయడమే ప్రమాదం. ప్రయాణానికి ముందే రుణ మంజూరు పత్రాన్ని, అంటే శాంక్షన్ లెటర్‌ను తల్లిదండ్రులు, పిల్లలు కలిసి చదివి, వడ్డీ రేటు, విరామపు గడువు, ఈఎంఐ, ఉద్యోగం ఆలస్యమైతే వాయిదా కట్టేవారు ఎవరన్న సంగతి కాగితంపై రాసుకోవాలి. ఉద్యోగం వచ్చాక యువత తొలి లక్ష్యం ఆ అప్పు తీర్చడమే కావాలి. పూర్తిగా తీరిన 30 రోజుల్లో తాకట్టు పత్రాలను తిరిగి ఇవ్వాలని, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని 2023 డిసెంబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన అమలులో ఉంది. చివరి వాయిదా కట్టిన రోజే ఆ పత్రాలను అడిగి తీసుకోండి.