షుగర్ ఉన్నవాళ్లం ఏటా అడగాల్సిన యూరిన్ టెస్ట్

మన గుడి సభ్యుల్లో చాలామందిమి పగలు ఇక్కడి ఆఫీసు, రాత్రి ఇండియా టీమ్‌తో కాల్స్‌లో ఉండేవాళ్లమే. భోజనం ఆలస్యమవుతుంది, మాత్ర మర్చిపోతాం, నడక వాయిదా వేస్తాం. షుగర్, బీపీ అదుపు తప్పితే కిడ్నీల్లో రక్తాన్ని వడకట్టే సన్నని జల్లెడలు దెబ్బతింటాయి. నొప్పి ఉండదు. అలర్ట్‌లు పెట్టని సర్వర్ లాంటిదన్నమాట!

మనం చేసే పొరపాటు ఒకటుంది. క్రియాటినిన్ నార్మల్ అని చూసి రిపోర్టు పక్కన పెట్టేస్తాం. కానీ అది పెరగడానికి చాలా ముందే మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోవడం మొదలవ్వచ్చు. అందుకే రక్తంలో ఈజీఎఫ్‌ఆర్‌తో పాటు మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి కూడా ఏటా చూడాలి. టైప్ 2 వారికైతే షుగర్ బయటపడిన నాటి నుంచే.

నిష్పత్తి 30 దాటిందని వెంటనే బెంబేలెత్తిపోనక్కర్లేదు. జ్వరం వచ్చినా, ముందురోజు జిమ్‌లో బాగా శ్రమపడినా అది పెరుగుతుంది. 3 నుంచి 6 నెలల్లో మళ్లీ చేయించి, మూడింట్లో రెండుసార్లు ఎక్కువొస్తేనే నిర్ధారిస్తారు. ఈ దశలో దొరికితే నష్టాన్ని నెమ్మదింపజేసే మందులున్నాయి.

అన్నట్టు, గంటల తరబడి కూర్చుని నడుం పట్టేసినప్పుడు మనం వేసుకునే ఐబుప్రొఫెన్ కూడా కిడ్నీలకు భారమే. తరచుగా వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ప్రిస్క్రిప్షన్ లేని మందు కాబట్టి వాళ్ల రికార్డులో అది కనపడదు.