రింగు తిప్పితే కారు దిగుతుంది, మరి మిగతావి?

సెలవు రోజు పొద్దున్నే గ్యారేజీ తలుపెత్తి, కారును నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టి, కింద అట్టముక్క పరుచుకుని దూరిపోయేవాళ్లు అమెరికాలో చాలామందే. ఆ కారు తరచుగా మాజ్డా మియాటా అయి ఉంటుంది. 1989లో షికాగో ఆటో షోలో తొలిసారి కనిపించిన ఈ రెండు సీట్ల బండ్ల లెక్క 2016 ఏప్రిల్‌లో పది లక్షలకు చేరింది. తేలిక బండి, విప్పడమూ సులువే. సస్పెన్షన్ పని సొంతంగా నేర్చుకునేవాళ్లకు ఇది ఓనమాల పలక.

వాళ్లు బిగించేదాన్ని కాయిలోవర్ అంటారు. షాక్అబ్జార్బర్ చుట్టూ స్ప్రింగు ఉండటమే కాయిలోవర్ అయితే మియాటాకు అది పుట్టుకతోనే ఉంది. బజార్లో దొరికేదాని ప్రత్యేకత గొట్టం మీద చెక్కిన మరలు. వాటిపై ఒక రింగు స్ప్రింగు కింది కొసను మోస్తుంది, ఇంకో రింగు అది కదలకుండా పట్టి ఉంచుతుంది. కొక్కెం స్పానర్‌తో రింగును కిందికి తిప్పితే కారు దిగుతుంది.

పాత షాక్ తలమీది మౌంటును కొత్తదానికి వాడాలంటే పాత స్ప్రింగును విప్పాలి. ప్రమాదమంతా అక్కడే. మిల్లీమీటరుకు 30 న్యూటన్లు కోరే స్ప్రింగు 10 సెంటీమీటర్లు నొక్కుకుని ఉంటే, అది తిరిగి తోసే బలం సుమారు 300 కిలోల బరువుకు సమానం. అందులో దాగిన శక్తి 150 జౌళ్లు, అంటే 15 లీటర్ల నీళ్లు మీటరు ఎత్తు నుంచి పడ్డంత. అది ఒక చిన్న మౌంటు మీదుగా మొహానికి తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే ఎదురెదురుగా రెండు స్ప్రింగు కంప్రెసర్లు తగిలించి, ఇటు కొంచెం అటు కొంచెం బిగించి, స్ప్రింగు వదులయ్యాకే నడిమి నట్టు జోలికి వెళ్లాలి. నట్టుతో పాటు షాక్ కడ్డీ కూడా తిరుగుతుంటే కటింగ్ ప్లయరుతో పట్టుకోవాలనిపిస్తుంది. మళ్లీ వాడే షాక్‌కు ఆ పని చేయకూడదు. నున్నటి కడ్డీ మీద పడ్డ గీత ప్రతి కుదుపుకూ సీలును గీరుతుంది, కొన్నాళ్లకు ఆయిలు కారుతుంది.

రింగు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందనేది గట్టిగా పాతుకుపోయిన అపోహ. గట్టిదనం కడ్డీ మందంలోనూ చుట్లలోనూ ఉంది. చుట్లు మార్చకుండా 12 మిల్లీమీటర్ల కడ్డీ బదులు 13 మిల్లీమీటర్లది వాడితే చాలు, స్ప్రింగు 38 శాతం గట్టిపడుతుంది. ఎందుకంటే మందం లెక్కలోకి నాలుగో ఘాతంలో వస్తుంది.

చాలామంది బోల్తాపడేది బుష్ దగ్గర. చక్రాన్ని చాసిస్‌కు కలిపే ఆర్మ్ కొసన ఒకదానిలో ఒకటిగా రెండు ఇనుప గొట్టాలు, మధ్యలో వాటికి అతుక్కున్న రబ్బరు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం చాసిస్‌కు బిగుసుకుపోతుంది. ఇక ఆర్మ్ ఎంత కదిలినా మెలితిరగాల్సింది రబ్బరే. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బోల్టులు బిగిస్తే, కారు నేలమీదికి దిగిన క్షణం నుంచీ రబ్బరు పిండిన తడిబట్టలా మెలిపడే ఉంటుంది. త్వరగా చీలుతుంది. పైగా ఆ మెలి కారును కాస్త ఎత్తి పట్టుకుంటుంది. యజమాని ‘ఇంకా దిగలేదే’ అని రింగును మళ్లీ తిప్పుతాడు. అందుకే చక్రాల మీద కారు బరువు పడ్డాకే బోల్టులు చివరిసారి బిగించాలి. వంగి, పాకి, విసుగొచ్చే పనే.

రింగు ఒక సెంటీమీటరు జరిగితే చక్రం దగ్గర ఎత్తు అంతకంటే ఎక్కువే మారుతుంది, ఎందుకంటే షాక్ ఆర్మ్ మధ్యలో ఉంటుంది, చక్రం చివర. కారు దిగేకొద్దీ చక్రాల తలలు లోపలికి వాలతాయి, ముందు చక్రాల చూపూ మారి టైరు ఒకవైపే అరుగుతుంది. మియాటా కింది ఆర్మ్‌ల బోల్టులకు అంచున గీతలున్న ఎక్సెంట్రిక్ బిళ్లలుంటాయి. ఇంట్లో నైలాన్ దారం కట్టి కొలిచి, వాటిని తిప్పి చక్రాలను ఒక దారికి తేవచ్చు, ఆఖరికి అలైన్‌మెంట్ షాపు తప్పదు. మరొకటి: ఒక మూల రింగు పైకి తిప్పితే ఆ మూలకూ, దానికి ఐమూలగా ఉన్న చక్రానికీ బరువు పెరుగుతుంది. ఒక కాలు పొడవైన పీటలాగే.

షాక్ గట్టిదనం మార్చే బిరడా సంగతి తేలిక. లోపల సూది ఆయిలు దారిని ఇరుకు చేస్తుంది, అంతే. క్లిక్కులు పూర్తిగా బిగించిన చోటు నుంచి వెనక్కి లెక్కపెట్టి రాసుకోవాలి.

ఇక చట్టం సంగతి. జర్మనీలో ఇలాంటి భాగంతో వచ్చే ధ్రువపత్రంలోనే ఎంతవరకు దించవచ్చో రాసి ఉంటుంది, బిగించాక తనిఖీ ఇంజినీరుకు చూపించాలి. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చనివ్వదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. రోడ్డుకైతే చట్టంతో పనిలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నమూనాలో స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున నిదానంగా లేచి 10 సెంటీమీటర్ల ఎత్తుకు చేరుతుంది. కాలనీవాళ్లు రాత్రికి రాత్రి సిమెంటుతో కట్టుకున్నదానికి ఏ నమూనా లేదు. దాన్ని దాటాలంటే రింగు మళ్లీ పైకి తిరగాల్సిందే.